ఆగిన చోట్ల లెక్క

నాలుగు లైన్లు కలిసే పెద్ద స్టేషన్‌లో, రెండంతస్తుల కింద, చివరి మెట్ల పక్కన పోయిన సామాన్ల గది ఉండేది. అక్కడ కౌంటర్ వెనక కూర్చునే ఆవిణ్ణి మెట్రోలో పనిచేసేవాళ్ళందరూ బాణాలమ్మ అనేవాళ్ళు. ఒకప్పుడు ఆ ఊరి భూగర్భ మెట్రోలో దారి చూపించే బోర్డులన్నీ ఆవిడే గీసేది. ఏ బాణం గుర్తు ఎటు తిరగాలో, ఏ అక్షరం ఎన్ని అడుగుల దూరం నుంచి కనబడాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలాంటి మనిషి నాలుగేళ్ళుగా గొడుగులకీ, ఒంటి చెప్పులకీ, ఎవరో సీటు మీద మర్చిపోయిన కట్టుడు పళ్ళకీ చీటీలు కడుతూ కూర్చుంది.

ఆ రోజు ఉదయం బంట్రోతు వచ్చి సిబ్బంది పత్రిక పడేసి వెళ్ళాడు. మొదటి పేజీలో బోర్డుల విభాగం చీఫ్ ఫోటో, నిండుగా, పళ్ళన్నీ కనబడేలా. కింద ఆయన రాశానన్న రిపోర్టు, పెద్దక్షరాల్లో: "ఏడు నగరాల మెట్రోల్లో దారి కనుక్కోవడం ఎంత సులువు? మన నగరానికే మొదటి స్థానం." బాణాలమ్మ నిలబడే చదవడం మొదలుపెట్టింది. మూడో పేరాకి వచ్చేసరికి కుర్చీ వెతుక్కుంది.

"కొత్త మనిషి ఆగిన ప్రతి చోటా తప్పు మనది" అని అచ్చయి ఉంది. అది ఆవిడ వాక్యం. తాను ముసలి ఊరని పిలుచుకున్న చోట మెట్ల మీద కూర్చుని, అరికాలి బొబ్బ మీద పట్టీ అంటించుకుంటూ రాసుకున్న వాక్యం.

ఆ కథ ఇదీ. బోర్డులు గీసే రోజుల్లో బాణాలమ్మకి ఒక పిచ్చి పట్టింది. ఊరూరా మెట్రోలు ఉన్నాయి కదా, ఏ ఊళ్ళో కొత్తవాడికి దారి తేలిగ్గా దొరుకుతుందో కొలిచి చూడాలని. పదకొండేళ్ళలో ఆరు ఊళ్ళు తిరిగింది, అన్నీ సొంత సెలవుల్లోనే. చేతిలో ఎనిమిది కిలోల పెట్టె. ఫోను తీయకూడదు, ఎవరినీ అడగకూడదు. ఒకచోట రైలు దిగి ఇంకో లైను ఎక్కి, ఫలానా ద్వారం నుంచి బయటికి రావాలి. మధ్యలో ఎన్నిసార్లు అనుమానంతో ఆగింది, ఎన్నిసార్లు తప్పు మలుపు తిరిగింది, అదే లెక్క. వెంట మొగుడు. ఆయన మెట్రో రైలు డ్రైవరు, ఆవిడకి సొంత మేనబావ. "అందరి పెళ్ళాలూ కొండలూ సముద్రాలూ చూపించమంటారు. నువ్వేమో సెలవు పెట్టించి మరీ నన్ను మళ్ళీ సొరంగంలోకే లాక్కొస్తావు" అని గొణుగుతూనే పెట్టె రెండోవైపు పిడి పట్టుకునేవాడు.

ఊళ్ళకి అసలు పేర్లు నోటుపుస్తకాల్లో రాయలేదు, ఇద్దరూ కలిసి ముద్దుపేర్లు పెట్టుకున్నారు. అంకెల ఊళ్ళో ప్రతి స్టేషన్‌కీ ఒక అంకె, ప్రతి ద్వారానికీ ఇంకో అంకె. అక్కడి లిపి ఒక్క ముక్క రాకపోయినా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరొచ్చు. దానికి మొదటి స్థానం ఇవ్వడంలో ఇద్దరికీ గొడవే రాలేదు. రెండోది ముసలి ఊరు. దాని సొరంగాలు ఎలక బొరియల్లా ఎటుపడితే అటు మెలికలు తిరిగి ఉంటాయి, కానీ "ఇటేనా?" అని మనసులో అనుమానం పుట్టే అడుగులోనే ఎదురుగా బోర్డు కనిపిస్తుంది. "ఇక్కడ బోర్డులు పెట్టినవాడు తప్పకుండా దారి తప్పి ఏడ్చినవాడే" అంది బాణాలమ్మ అప్పుడు, ఎంతో గౌరవంగా. ఇంకో ఊళ్ళో నేల మీద రంగు గీతలు వేశారు. వాటి వెంటే పోతే చాలు, జనం రద్దీగా లేనంతసేపూ. అద్దాల ఊరు కొత్తది, తళతళలాడుతుంది, ప్రకటనల మధ్య దారి బోర్డు పెళ్ళిలో పోయిన పిల్లలా ఎక్కడో ఉంటుంది. ఇంకొకచోట రెండు లైన్లకీ పచ్చరంగే వేశారు. ఒకటి ముదురుపచ్చ, ఒకటి లేతపచ్చ, ట్యూబులైటు కింద రెండూ ఒకటే. డ్రైవరు ఆ ఊళ్ళో పొరపాటు పచ్చ ఎక్కి ఊరి చివర తేలాడు. అన్నిటికంటే అధ్వాన్నం కొమ్మల ఊరు: ఒకే ప్లాట్‌ఫారం మీదికి వచ్చే రైళ్ళు మూడు కొమ్మలుగా చీలిపోతాయి, ఏది ఎటు పోతుందో తలుపులు మూసుకునే ముందు తప్ప చెప్పరు.

తమ ఊరికి ఐదో స్థానం వచ్చింది.

"సొంత ఊరు కదే, నాలుగిస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు డ్రైవరు.

"ఐదే. ఐదో ప్లాట్‌ఫారం నుంచి ఆసుపత్రి ద్వారానికి తొమ్మిదిసార్లు ఆగాను బావా, అదీ నేను గీసిన బోర్డులు చూసుకుంటూ. సిగ్గేసింది."

ఆ తొమ్మిది చోట్లూ సరిచేయాలని ఆవిడ కాగితాలు పెట్టింది. చీఫ్ తర్వాత చూద్దామన్నాడు. ఈలోగా స్టేషన్‌లో కొత్త హాలు కట్టారు. ప్రారంభానికి ముందురోజు చీఫ్ వచ్చి చూశాడు. హాలు మధ్యలో రెండు బోర్డులు, రెండు బాణాలూ కుడివైపే. ఫోటోలో ఎబ్బెట్టుగా ఉందని ఒక బాణాన్ని ఎడమకి తిప్పించాడు. ఎడమవైపు దారి ఇంకా పూర్తికాలేదు, షట్టరు వేసి ఉంది. మూడోరోజు పొద్దున ఆఫీసుల వేళకి జనం బాణం చెప్పినట్టే ఎడమకి వెళ్ళారు. ముందున్నవాళ్ళు షట్టరుకి గుద్దుకుని ఆగారు, వెనకవాళ్ళు ఆగలేదు. పదకొండు మందికి దెబ్బలు తగిలాయి. ఒక పెద్దాయనకి తుంటి ఎముక విరిగింది.

విచారణలో ఫైలు తీశారు. ఫైల్లోని బొమ్మలో బాణం ఎడమకే ఉంది, కింద బాణాలమ్మ సంతకాన్ని ఎవరో దించిన నకలు. "నేను నమ్మి వదిలేశానండీ, అదే నా పొరపాటు" అన్నాడు చీఫ్, గొంతులో జీర కూడా తెచ్చుకుని. ఆవిడ ఎంత మొత్తుకున్నా వినేవాడు లేకపోయాడు. మర్నాటి నుంచి పోయిన సామాన్ల గది. పాత బల్ల సొరుగులో తన ఏడు నోటుపుస్తకాలూ ఉండిపోయాయని మూడుసార్లు అర్జీ పెట్టింది. దొరకలేదని మూడుసార్లూ జవాబొచ్చింది.

ఇప్పుడు దొరికాయి. మొదటి పేజీలో, ఫోటోతో సహా.

ఇంటికెళ్ళి పత్రిక మొగుడి ముందు పడేసింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"వీడి దుంప తెగ! కొమ్మల ఊళ్ళో నా కాలు బెణికింది కూడా వాడి కాలే అన్నట్టు రాశాడే! కంప్లైంట్ పెట్టు."

"ఎవరికి? పోయినసారి విన్న చెవులకేనా?"

"మరేం చేస్తావ్?"

బాణాలమ్మ పత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆవిడకి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా లోపల కాస్త తడి ఉండాలి. నాలుగేళ్ళుగా ఎక్కడికెళ్ళినా "ఆ షట్టరు దగ్గర జనాన్ని తొక్కించింది ఈవిడేనట" అన్న గుసగుస వీపుకి తగులుతూనే ఉంది. ఆ గుసగుసలన్నీ మింగి మింగి లోపల నిప్పుల కుంపటి చేసుకుంది. ఆ కుంపటి ముందు కూర్చుని రిపోర్టు మొత్తం ఇంకోసారి చదివింది, ఈసారి తీరిగ్గా, పెన్సిలు పట్టుకుని.

తొమ్మిదో పేజీ దగ్గర పెన్సిలు ఆగింది. చీఫ్ ఆవిడ నియమాలని కూడా అక్షరం వదలకుండా దించేశాడు. చదవకుండానే దించేసినట్టున్నాడు. "రాసినవాడు తాను సామాను మోసుకుంటూ నడవని స్టేషన్‌కి మార్కులు వేయకూడదు. ఎవరు ఎప్పుడు అడిగినా నడిచి చూపించాలి" అని ఉంది. దాని కిందే సొంత ఊరి లెక్క: ఐదో ప్లాట్‌ఫారం నుంచి ఆసుపత్రి ద్వారానికి ఆగిన చోట్లు ఒకటి, పట్టిన సమయం నాలుగు నిమిషాలు.

ఆవిడ మొహంలో ఆ రోజు మొదటిసారి ఏదో కదిలింది. డ్రైవరు అది చూసి, "నవ్వుతున్నావా, పళ్ళు నూరుతున్నావా?" అని అడిగాడు.

"మా చీఫ్ ఎప్పుడైనా నీ రైలెక్కాడా బావా?"

"వాడా? కారు దిగి ఆఫీసు లిఫ్టెక్కడం తప్ప వాడి బూటు ప్లాట్‌ఫారం మీద పడగా నేను చూళ్ళేదు."

మొదటి స్థానం ఫలకం ఇవ్వడానికి మెట్రో నగరాల సమాఖ్య నుంచి ముగ్గురు పరీక్షకులు రాబోతున్నారని పత్రికలోనే ఉంది. బాణాలమ్మ వాళ్ళకి ఉత్తరం రాసింది. అందులో నింద లేదు, ఏడుపు లేదు. "తొమ్మిదో పేజీలోని నియమం ప్రకారం రచయిత గారిని ఆ దారి ఒకసారి నడిచి చూపించమని కోరగలరు" అని రాసి, కింద సంతకం, పోయిన సామాన్ల గది అని చిరునామా పెట్టింది. అంతే.

బోర్డుల వర్క్‌షాపులో ఆవిడకి ఒక పాత నేస్తం ఉండేది, బోర్డులకి రంగులు వేసే ఆవిడ. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఊఁ అను. ఆ రోజుకి ఒక్క బోర్డు తిప్పేస్తా. వాడు పాతాళానికి పోతాడు."

"వద్దమ్మా. తిప్పావంటే రేపు దాని మీదికి నెడతాడు. తప్పు బోర్డులు అక్కర్లేదు, ఉన్న బోర్డులు చాలు. నువ్వు ఇంకో పని చెయ్యి. ఆ దారిలో ప్రతి బోర్డూ శుభ్రంగా తుడిపించు. లైట్లు మార్పించు. ఒక్క అక్షరం కూడా మసగ్గా ఉండకూడదు."

రంగులావిడ కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, "అమ్మో, నువ్వు మామూలు మనిషివి కాదు" అని వెళ్ళి, చెప్పినట్టే చేయించింది.

పరీక్షకులు ఒక మధ్యాహ్నం వచ్చారు. వాళ్ళలో పెద్ద డెబ్భై ఏళ్ళ ఆవిడ. పొట్టి జుట్టు, బట్టబూట్లు, చేతిలో చిన్న పుస్తకం. హారాలూ ఫలహారాలూ అయ్యాక ఆవిడ తొమ్మిదో పేజీ తెరిచి, "ఈ నియమం నాకు భలే నచ్చింది సార్. ఒకసారి నడుద్దామా?" అంది.

చీఫ్ పకపకా నవ్వాడు. "దానికేం మేడమ్, మా కుర్రాళ్ళెవరినైనా పంపిస్తాను."

"రాసినవాడే నడవాలని మీరే రాశారు కదా. లెక్క పెట్టడానికి మాత్రం పోయిన సామాన్ల గదిలో ఒకావిడ ఉంటుందట, ఆవిణ్ణి పిలవండి."

చీఫ్ నవ్వు సగంలో తెగింది.

బాణాలమ్మ ఎనిమిది కిలోలు సరిగ్గా తూచిన పెట్టె తీసుకొచ్చింది. అందరూ ఐదో ప్లాట్‌ఫారం మీదికి దిగారు. పెద్దావిడ గడియారం చూసి సరే అంది. చీఫ్ పెట్టె అందుకున్నాడు. ఆయన వెనక రెండడుగుల దూరంలో రాసుకునే అట్టా పెన్సిలూ పట్టుకుని బాణాలమ్మ, ఆవిడ వెనక పరీక్షకులు.

మొదటి ఇరవై అడుగులు చీఫ్ రొమ్ము విరుచుకుని నడిచాడు. స్తంభం దగ్గర ఆగాడు. "ఒకటి" అని గీత గీసింది బాణాలమ్మ. మెట్లా, ఎస్కలేటరా అని ఆగాడు. రెండు. పైన హాలులో మూడు బోర్డులున్నాయి, ఆసుపత్రి మాట ఒక్కదాని మీదా లేదు. అది ఆవిడ సరిచేయమన్న తొమ్మిది చోట్లలో రెండోది. మూడు. ఆయన ధైర్యం చేసి కుడికి తిరిగాడు, దుకాణాల వరసలోకి వెళ్ళి ఆ చివరిదాకా నడిచి, అక్కడ గోడ చూసి వెనక్కొచ్చాడు. తప్పు మలుపు. ఆవిడ పెన్సిలు ఎంత నెమ్మదిగా కదిలిందంటే, ప్రతి గీతనీ నాలిక మీద వేసుకుని చప్పరిస్తున్నట్టుంది.

పన్నెండో నిమిషానికి ఆయన టై వదులు చేసుకున్నాడు. పదహారో నిమిషానికి చెమట చొక్కా దాటి కోటుకెక్కింది. రెండోసారి మళ్ళీ అదే హాలులోకి తేలాక, ఆగలేక నేల తుడుస్తున్న ఆవిణ్ణి అడిగాడు.

"అమ్మా, ఆసుపత్రి వైపు ఎటు?"

ఆవిడ తుడుపుకర్ర నిలబెట్టి జాలిగా చూసింది. "ఊరికి కొత్తా సార్? పాపం, ఇక్కడ అందరూ ఇట్లాగే తిరుగుతారు. ఆ బోర్డులు చూడకండి. చూస్తే ఇంతే సంగతులు."

పరీక్షకుల్లో ఒకడు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మలుపులో చీఫ్ బాణాలమ్మ పక్కకి జరిగాడు. గొంతు తగ్గించాడు. "ఎటో చెప్పు. నీ పాత సీటు నీకిప్పిస్తా. రేపే."

లెక్క పెట్టేవాళ్ళు అంకె తప్ప ఇంకో మాట అనకూడదన్నది నాలుగో నియమం. ఆవిడ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. నాలుగేళ్ళ తర్వాత అంత దగ్గరగా చూడటం అదే. దారి ఆయనకి ఎడమచేతి పక్కనే ఉంది, పది అడుగుల్లో. ఆవిడకి తెలుసు. ఒక్క కనుసైగ చాలు. ఆవిడ తల వంచుకుని, "పధ్నాలుగు" అని గీత గీసింది.

"ఏ గాడిద పెట్టాడు ఈ బోర్డులు!" అని పెట్టె ఠపీమని నేలకేసి కొట్టాడు చీఫ్.

అటూ ఇటూ పోయే జనం ఆగి చూశారు. పెద్దావిడ మెడ చాచి, బోర్డు కింది మూలనున్న చిన్న అక్షరాలు చదివింది. "ఆమోదించినవారు అని మీ హోదాయే ఉంది సార్."

ముప్ఫై ఒకటో నిమిషంలో ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. ఆసుపత్రి ద్వారం ఇంకా దొరకలేదు.

ఆఫీసుకి వెళ్ళాక పెద్దావిడ, మిగతా ఆరు ఊళ్ళ గురించి రెండు ప్రశ్నలు వేసింది. రెండు పచ్చల ఊళ్ళో లైను ఎలా మారారని అడిగితే, "బోర్డు చూసి" అన్నాడు. అయితే ఊరూరా తిరిగినప్పుడు రాసుకున్న పుస్తకాలు చూపించమంది. లేవంటే రిపోర్టు చెల్లదు. ఉన్నాయంటే తీయాలి. చీఫ్ బీరువా తాళం తీయక తప్పలేదు. ఏడు నోటుపుస్తకాలకీ అట్టలు చింపేసి ఉన్నాయి.

అట్టలైతే చింపాడు గానీ, లోపలి అంచులు చదివే ఓపిక ఆయనకి లేకపోయింది. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది: "ఇక్కడ మా ఆవిడ మూడోసారి దారి తప్పింది. నేను నవ్వాను. తిట్టింది." పేజీ తిప్పింది. "కాళ్ళు పీకుతున్నాయి. ఈవిడకి పీకవు కాబోలు." ఇంకో పేజీలో పొరపాటు రైలెక్కి ఏడుస్తున్న మీసాల మనిషి బొమ్మ, కింద "ఇట్లు, మీ పచ్చి మొగుడు."

పెద్దావిడ చీఫ్ వైపు తిరిగింది. "ఈ 'మా ఆవిడ' ఎవరు సార్?"

బాణాలమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "చివరి పుస్తకంలో చివరి నుంచి మూడో పేజీ కూడా చూడండి మేడమ్" అంది, ఆ మధ్యాహ్నం అంకెలు కాని మాట మొదటిసారి పలికి. అందులో కొత్త హాలు బొమ్మ ఉంది. రెండు బాణాలూ కుడికే. పక్కన ఎర్ర పెన్సిలుతో, "ఎడమ షట్టరు. ఎవరు చెప్పినా తిప్పకూడదు." తేదీ కూడా ఉంది.

పాత విచారణ మళ్ళీ తెరిచారు. బాణం తిప్పిన పనివాడు, అప్పుడు భయపడి నోరు మూసుకున్నవాడు, ఇప్పుడు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. నెల తిరక్కముందే చీఫ్‌ని పదవి నుంచి దింపి, గది తలుపు మీది పేరు తీసేశారు. రిపోర్టు అసలు లెక్కలతో, అసలు పేరుతో అచ్చయింది. ఊరికి ఐదో స్థానమే. ఉన్న పరువు తీసిందని సిబ్బందిలో కొందరు బాణాలమ్మ మీద మూతి ముడిచారు. ఆవిడ లెక్క చేయలేదు.

తప్పు ఒప్పుకుంటూ చీఫ్ స్వహస్తాలతో ఒక ఉత్తరం రాసివ్వాలని, అది సిబ్బంది పత్రికలో వేయాలని విచారణ కమిటీ తీర్మానించింది. బోర్డుల విభాగంలో మళ్ళీ సీటిచ్చినా బాణాలమ్మ ఇంకా అక్కడికి మారలేదు. ఉత్తరం పట్టుకుని ఆయన పోయిన సామాన్ల కౌంటర్ దగ్గరికే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మనిషి సగమయ్యాడు.

ఆవిడ చదివి వెనక్కి తోసింది. "'తయారీలో సహాయపడ్డారు' అని రాశారు. నేను సహాయపడలేదు. రాశాను."

ఆయన అక్కడే నిలబడి కొట్టేసి రాశాడు. ఆవిడ మళ్ళీ చూసింది.

"కొట్టివేతలు వద్దు. శుభ్రంగా కొత్త కాగితం మీద."

రెండోసారి రాశాడు. "షట్టరు దగ్గర జరిగిన దురదృష్టకర సంఘటన" అన్న చోట ఆవిడ వేలు పెట్టింది. "బాణం తిప్పించింది ఎవరో ఇందులో లేదు. సంఘటన దానంతటదే జరిగిందా?"

"చూడమ్మా," అన్నాడాయన, అమ్మా అనడం అదే మొదలు. "రెండేళ్ళలో రిటైరవుతాను. పరువైనా మిగలనీ. నీకు పుణ్యముంటుంది."

"ఆ పెద్దాయన నాలుగేళ్ళుగా కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అలా చేసింది నేనేనని ఆయన ఇవాళ్టికీ అనుకుంటున్నాడు. రాయండి."

వెనకాల పోయిన గొడుగు కోసం వచ్చిన మనిషీ, చేతి సంచీ కోసం వచ్చిన ఆడపిల్లా లైన్లో నిలబడి వింటున్నారు. చీఫ్ మూడోసారి రాశాడు. "బాణాన్ని నేనే తిప్పించాను" అన్న వాక్యం దగ్గర అక్షరాలు వంకరపోయాయి. ఆవిడ ఆ కాగితాన్ని ఆయన చేతే పైకి చదివించింది. గొంతు సరిపోలేదని ఇంకొంచెం గట్టిగా చదవమంది. చదివాడు. అప్పుడు చెక్కుచెదరని చేత్తో ముద్ర గుద్ది, "తర్వాత ఎవరండీ?" అంది లైన్లో వాళ్ళతో.

సాయంత్రం ఇంట్లో ఇదంతా పూసగుచ్చినట్టు చెబుతుంటే డ్రైవరు విన్నాడు. గట్టిగా చదివించిన దగ్గర మాత్రం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"అంత అవసరమా? పడిపోయినవాణ్ణి."

"అవసరమే."

"జాలేయలేదూ?"

"వేస్తుందేమోనని చూశాను బావా. వేయలేదు."

ఆయన మాట మార్చి, "పోనీ, ఇప్పటికైనా కడుపు చల్లబడిందా?" అన్నాడు.

ఆవిడ నిజంగానే ఆలోచించింది. కాళ్ళు బల్ల మీదికి చాపుకుని, కళ్ళు మూసుకుని, లోపలంతా ఒకసారి తడిమి చూసుకుంది.

"లేదు, ఇంకా కాస్త మండుతూనే ఉంది," అంది. "కానీ ఆకలేస్తోంది. ఏమైనా వండావా?"